రెండో తాడు

వేసవి చివరి ఈదురుగాలులు మొదలైన ఈ రోజుల్లో, ఆరుబయట బరువు పనులు చేసేవారి గురించీ, ఆ పనుల్లోని ప్రమాదాల గురించీ పాఠకుల నుంచి ఉత్తరాలు ఎక్కువగా వచ్చాయి. అందుకే ఈ సంచికలో శీర్షిక మొత్తాన్నీ వాటికే కేటాయిస్తున్నాను. భువనగిరి వైపు ఒక కల్లుగీత కుటుంబంలో పుట్టి, హైదరాబాద్‌లో ముప్పై ఏళ్లకు పైగా కట్టడాల పనులు దగ్గరుండి చేయించినవాణ్ని కనుక, ఈ ప్రశ్నల్లో కొన్ని నన్ను సొంత ఇంటి సంగతుల్లా పట్టుకున్నాయి. జవాబులు కాస్త పొడవైతే మన్నించండి.

ప్రశ్న: మా అన్నయ్య ముప్పై ఏళ్లుగా కల్లు గీయడానికి తాటిచెట్లెక్కుతున్నాడు. ప్రభుత్వం ఇచ్చిన కాటమయ్య రక్ష కిట్ ఇంట్లో మూలన పడి ఉంది. అది వేసుకుంటే చెయ్యి ఆడదని, పూటకు ఎక్కే చెట్లు తగ్గిపోతాయని అంటాడు. చెట్టెక్కడం తెలియని నేను ఆయనకు ఏమని చెప్పాలి? (హయత్‌నగర్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: మీ అన్నగారు చెప్పేది అబద్ధం కాదు. ముందు ఆ సంగతి ఒప్పుకొని మాట్లాడితేనే ఆయన మీ మాట వింటారు. చిన్ననాటి నుంచి ఒక్క మోకు మీద ఎక్కినవారికి, నడుముకూ తొడలకూ పట్టీలు బిగించుకొని, కొక్కెం తగిలించిన తాడును మాటిమాటికీ పైకి జరుపుకుంటూ ఎక్కడం మొదటి రోజుల్లో చిరాకు పుట్టిస్తుంది. పది చెట్లు గీసే పూటలో ఆరే గీస్తే కల్లు తగ్గుతుంది, దానితో పాటు చేతికి వచ్చే డబ్బూ తగ్గుతుంది. ఈ లెక్కను వినకుండా ప్రాణం గురించి నీతులు చెప్పేవారి మాట ఏ గీత కార్మికుడికీ చెవికెక్కదు.

అయితే మోకు పనిచేసే తీరును ఒకసారి ఆయనతో కలిసి మాట్లాడండి. మానునూ మనిషి నడుమునూ కలిపి చుట్టిన మోకు, ఎక్కేవాడు వెనక్కి వాలినంతసేపే బిగిసి ఉంటుంది. ఆ వాలిన బరువే పాదాలను మానుకు అదిమి పెడుతుంది. మోకును పైకి ఎగదోసే అరక్షణంలో మాత్రం మనిషి పాదాల పట్టు మీదే ఉంటాడు, ఆ అరక్షణం ఒక్కో చెట్టుకు ఎన్నోసార్లు వస్తుంది. వాన పడి మాను నానితే పాదం జారుతుంది. మోకు ఒకచోట అరిగి ఉంటే అక్కడే తెగుతుంది. ఇవి ఆయనకు మనం చెప్పనక్కరలేనివి. నిజమైన గండం చెట్టు తలలోకి చేరాక మొదలవుతుంది, ఎందుకంటే గెలల దగ్గరకు పోవాలంటే మట్టల మీద నమ్మకం పెట్టాలి. పచ్చిగా కనిపించే మట్టల్లో ఏది గట్టిదో, ఏది మొదట్లో పుచ్చిపోయిందో చూపుకు అందదు. మా పెదనాన్న ప్రతి మట్టనూ గీత కత్తి వెనకవైపుతో ఒకసారి తట్టి, ఆ చప్పుడు విని, ఆ తరువాతే చెయ్యి వేసేవారు. గట్టి మట్ట 'టక్' మంటుందనీ, పుచ్చినది 'బుస్' మంటుందనీ చిన్నప్పుడు నన్ను కింద నిలబెట్టి పైనుంచి తట్టి వినిపించేవారు.

అంతటి మనిషి ఒక శ్రావణ మాసపు ఉదయం, మట్టల సందులో కందిరీగల తుట్టె కదలగానే రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. కందిరీగ కంటి మీదికి వస్తున్నప్పుడు చేతులను ఆపగల నేర్పు మనిషన్నవాడికి ఉండదు. ఆయన కింద పడ్డారు. దగ్గరలో ఉన్నవాళ్లు ప్రేమ కొద్దీ చేతులూ కాళ్లూ పట్టి ఎత్తి ఎడ్లబండిలో వేశారు. వెన్నెముక దెబ్బతిన్న మనిషిని అలా ఎత్తకూడదని, తలా మెడా వీపూ ఒకే వరుసలో కదలకుండా బల్ల మీదికి దొర్లించి తీసుకుపోవాలని అప్పుడు మాలో ఎవరికీ తెలియదు. పదకొండేళ్లు ఆయన నులక మంచం మీదే ఉన్నారు. గీత కత్తులు పెట్టుకునే ముస్తాదు మాత్రం చివరిదాకా తలాపునే ఉండేది, దాన్ని ఎవరినీ తీయనిచ్చేవారు కాదు.

ఇదంతా రాయడానికి కారణం ఉంది. రెండు చేతులూ ఒకేసారి వదిలేసే ఆ క్షణానికి పనికొచ్చేది రెండో తాడు ఒక్కటే, ఆ కిట్‌లో ఉన్నది అదే. 2024 జూలై 14న, మీకు దగ్గరలోనే అబ్దుల్లాపూర్‌మెట్ మండలం లష్కర్‌గూడలో దాని పంపిణీ మొదలైంది. పర్వతాలెక్కేవారు వాడే సామగ్రి తరహాలో తయారుచేసి, దానికి గీత కార్మికులు కొలిచే కాటమయ్య పేరు పెట్టారు. మీ అన్నగారిని ఎత్తైన తాటి మీద మొదలుపెట్టమని అడగకండి. పొట్టి ఈత చెట్టు మీద, తలెత్తు దాటని ఎత్తులో, పని లేని మధ్యాహ్నాల్లో నాలుగు వారాలు సాధన చేయమనండి. చెయ్యి అలవాటు పడితే వేగం చాలామటుకు తిరిగి వస్తుంది. రోజంతా కిట్ వాడలేనంటే, కనీసం చెట్టు తలలోకి చేరగానే మొదట రెండో తాడు తగిలించి, ఆ తరువాతే కత్తి తీయమనండి. ఇంకొక్క మాట: జారి పట్టీలకు వేలాడిన మనిషి బతికాడు కదా అని అలాగే వదిలేయకూడదు. కదలకుండా చాలాసేపు వేలాడితే కాళ్లలో రక్తం నిలిచి స్పృహ తప్పుతుంది. ఏ చెట్టు మీద ఉన్నదీ తెలిసి, దింపడానికి పిలిస్తే పలికే మనిషి ఒకరు కింద ఉండాలి.

ప్రశ్న: మా అపార్టుమెంటు తొమ్మిదో అంతస్తు బాల్కనీ కింద పెద్ద తేనెపట్టు కట్టింది. సంఘం వారు మందు కొట్టించాలంటున్నారు. ఒక కుర్రవాడు తాడు కట్టుకొని దిగి, పట్టపగలే తీసేస్తానని తక్కువ డబ్బుకు ఒప్పుకున్నాడు. పిల్లలున్న ఇల్లు, భయంగా ఉంది. (మణికొండ నుంచి ఒక గృహిణి)

జవాబు: అమ్మా, దయచేసి ఆ పని ఆపించండి. మీరు వర్ణించిన దాన్ని బట్టి అవి పెద్ద తేనెటీగలు, కొండ తేనెటీగలని పిలిచేవి. ఇవి పుట్టలో, తొర్రలో దాగవు. ఎత్తైన కొండ చరియ కింద ఒకే ఒక్క వెడల్పాటి పట్టును బయటికి కనిపించేలా కడతాయి. కొండలున్న చోట కట్టడాలు లేచాక, వాటి కంటికి మీ బాల్కనీ అడుగు కూడా కొండ చరియే. దూరం నుంచి చూస్తే ఆ పట్టు నల్లని గోనెపట్టాలా ఉంటుంది, కానీ మీరు చూసేది మైనం కాదు, ఒకదాన్నొకటి పట్టుకొని పొరలు పొరలుగా కప్పుకున్న ఈగలు. కందిరీగ దగ్గరకు వస్తే అవి ఒకదాని వెంట ఒకటి పొట్టలు పైకెత్తుతాయి, ఆ కదలిక పట్టు మీద అలలా మెరుస్తూ పాకుతుంది. ఆ మెరుపు హెచ్చరిక. కిటికీ అద్దం వెనక నుంచి ఒకసారి చూడండి, భయంతో పాటు గౌరవం కూడా కలుగుతుంది.

పగటిపూట మందు కొడితే కొన్ని ఈగలు బయట మేతకు పోయి ఉంటాయి, మిగిలినవి గాలిలోకి లేస్తాయి. ఒక ఈగ కుట్టగానే ఆ చోట మిగిలినవాటిని పిలిచే వాసన విడుదలవుతుంది. అది మగ్గిన అరటిపండు వాసనలా ఉంటుంది. ఆ తరువాత అవి తాడు మీద ఉన్న కుర్రవాడితో ఆగవు, కింద ఆడుకునే పిల్లలనూ, కాపలాదారునూ వెంటాడతాయి. అన్నిటికన్నా ఎక్కువ ప్రమాదం తాడుకు వేలాడే ఆ కుర్రవాడిదే, అతనికి పరిగెత్తే దారి లేదు. అతని తాడు దేనికి కడతారని అడిగారా? నేను చూసిన చోట్ల చాలాసార్లు దాన్ని నీళ్ల పైపుకే కట్టారు.

నల్లమల చెంచులు కొండ చరియల మీద తేనె తీసేటప్పుడు పైన తాడు పట్టుకొనే మనిషిని ఊరికే ఎంచుకోరు. ఆ చోటు బావమరిదిదని చెబుతారు. తన అక్క పసుపు కుంకుమలు ఆ తాడు మీదే ఉన్నాయని తెలిసినవాడు దాన్ని వదలడన్నది అక్కడి లెక్క. బావ బతుకు కోరేవాడు బావమరిది అన్న మన సామెతకు ఇంతకంటే బరువైన సాక్ష్యం నాకు ఇంకెక్కడా కనిపించలేదు. పట్టు తీసేవారు పొగ పెడతారు, రాత్రిపూట, అదీ చీకటి రాత్రుల్లోనే పని పెట్టుకుంటారు, ఎందుకంటే ఈ జాతి ఈగలు వెన్నెల్లో కూడా ఎగురుతాయి. తక్కువ డబ్బుకు ఒప్పుకున్న మీ కుర్రవాడికి ఇందులో ఏ ఒక్కటీ లేదు.

ఈ ఈగలు ఒకచోట స్థిరంగా ఉండవు. పూత అయిపోగానే, కొన్ని నెలల్లో, పట్టు విడిచి వలస పోతాయి. అంతవరకు ఆ బాల్కనీ తలుపు మూసి, రాత్రిళ్లు అక్కడి దీపం ఆర్పి, దగ్గరలో పొగ గానీ టపాసులు గానీ లేకుండా చూసుకుంటే సాధారణంగా వాటి జోలికి పోనివారి జోలికి అవి రావు. ఖాళీ పట్టును గీకి, ఆ చోట వల కట్టిస్తే మరుసటి ఏడు అక్కడికి రాకుండా ఆపవచ్చు. తీయించక తప్పని పరిస్థితి ఉంటే, ఈగలను చంపకుండా తరలించడం తెలిసినవారిని, భవనం స్తంభానికి కట్టిన రెండు వేరు వేరు తాళ్లతో, రాత్రిపూట, కిటికీలన్నీ మూయించి పిలవండి. ఎవరినైనా కుడితే చేతులు ఊపకుండా, ముఖం కప్పుకొని, తలుపులున్న గదిలోకో కారులోకో పరిగెత్తాలి. నీళ్లలో దూకితే అవి పైనే తిరుగుతూ ఉంటాయి. ముల్లు చర్మంలో ఉన్నంతసేపు విషం దిగుతూనే ఉంటుంది కాబట్టి గోటితోనైనా వెంటనే గీకి తీసేయాలి. చాలా ఈగలు కుట్టినా, ఒక్కటే కుట్టి ఊపిరి ఆడకపోయినా, పెదవులు వాచినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి. అప్పుడు ప్రాణం నిలిపేది అడ్రినలిన్ ఇంజెక్షన్, సున్నం పూతలు కావు.

ప్రశ్న: శామీర్‌పేట దగ్గర కొన్న మా స్థలంలో ఏనుగంత బండ ఉంది. రాళ్లు కొట్టేవారు మంట పెట్టి, మేకులు దించి చీలుస్తామంటున్నారు. పక్క స్థలం ఆయన మందుగుండు పెట్టించి ఒక్క రోజులో తేల్చేయమంటున్నారు. ఏది మేలు? (అల్వాల్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ముందుగా ఒక విన్నపం. మన నగరం నిలబడిన ఈ గ్రానైటు దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటిది. మీ స్థలంలోని బండ గుండ్రంగా ఉందంటే, అది ఎక్కడినుంచో దొర్లి రాలేదు. నేల లోపల పగుళ్ల వెంట నీరు దిగి, అంచులు కరిగి, చుట్టూ ఉన్న మెత్తని మట్టి కొట్టుకుపోగా మిగిలిన గట్టి గుండె అది. ఈ రాళ్లను కాపాడాలని నగరంలో 1996 నుంచి ఒక సంఘమే పనిచేస్తోంది. బండను వాకిట్లోనో, మెట్ల పక్కనో నిలుపుకొని కట్టుకున్న ఇళ్లు జూబ్లీహిల్స్ వైపు నేను చూశాను, వాటి నీడలో వేసవి మధ్యాహ్నం కూర్చున్నాను కూడా. ఇంటి నక్షా ఇంకా గీయించకపోతే ఒకసారి ఆలోచించండి.

తీయక తప్పదనుకుంటే మందుగుండు మాట మరిచిపోండి. పేలుడు పదార్థాలు వాడాలంటే లైసెన్సు, అనుమతి ఉండాలి, ఇళ్ల మధ్య అవి దొరకడం కష్టం. అనుమతి లేకుండా పేల్చేవాడు ఎంత మందు పెడతాడో అతనికే తెలియదు. 1990ల చివర్లో మాదాపూర్ వైపు నేను పనిచేసిన ఒక చోట గుత్తేదారు అలాగే పేల్పించాడు. తలంత రాయి ఎగిరి రెండు వీధుల అవతల రేకుల కప్పు చీల్చుకొని దిగింది. లోపల పొయ్యి దగ్గర కూర్చున్న ఇల్లాలు అప్పుడే నీళ్లకు లేచి వెళ్లారు కాబట్టి ఈ సంగతి ఇంత తేలిగ్గా రాయగలుగుతున్నాను. ఆ రోజు ఆపవలసినవాళ్లలో నేనూ ఒకణ్ని, ఆపలేదు.

ఇక చేతిపని సంగతి. రాయి కొట్టే పెద్దమనిషి మొదట సమ్మెట ఎత్తడు; చిన్న సుత్తితో బండ చుట్టూ తడుతూ తిరుగుతాడు. లోపల పగులు లేని చోట రాయి కంచులా మోగుతుంది, పగులున్న చోట మద్దెల తడిసినట్టు మూగగా పలుకుతుంది. రాయికి పొర ఏ వైపు ఉందో తేల్చుకొని, ఆ వైపున సూటిగా గీత గీసి, వరుసగా గుంటలు తవ్వి, అందులో ఇనుప మేకులు నిలబెడతాడు. ఆ తరువాత ఒక చివర నుంచి ఇంకో చివరకు ఒక్కో మేకు మీద ఒక్కో దెబ్బ వేస్తూ పోయి, మళ్లీ మొదటికి వస్తాడు. ప్రతి దెబ్బకూ మేకు స్వరం పెరుగుతూ పోతుంది. ఒక దశలో అతను సమ్మెట దించి, బీడీ కూడా వెలిగించకుండా ఊరికే నిలబడతాడు. కొంతసేపటికి రాతి లోపల నుంచి సన్నగా, గుడ్డ చిరిగినట్టు చప్పుడు వస్తుంది. ఆ ఓపిక లేనివాడు ఇంకో నాలుగు దెబ్బలు వేస్తే, పగులు దారి తప్పి ముక్క కాళ్ల మీదికి వస్తుంది. ఈ పనితనానికి మనం కూలీ ఇస్తున్నామే తప్ప విలువ ఇవ్వడం లేదని నాకు ఎప్పుడూ బాధగా ఉంటుంది.

మీరు చూసుకోవలసినవి ఉన్నాయి. చీలిన ముక్క ఏ వైపు దొర్లుతుందో ముందే అడిగి, ఆ వైపు మనుషులనూ బండ్లనూ లేకుండా చేసి, పల్లపు వైపు దుంగలు అడ్డం వేయించండి. కళ్లద్దాలు మీ ఖర్చుతో కొనివ్వండి. మంట పెడితే పొర ఒక్కసారిగా పెచ్చులై ఎగురుతుంది, దగ్గరలో ఎవరూ ఉండకూడదు, టైర్లు కాల్చనివ్వకండి. యంత్రంతో గుంటలు తొలిస్తే నీళ్లు పోస్తూ తొలవాలి. గ్రానైటు దుమ్ములోని సన్నని ఇసుక ఊపిరితిత్తుల్లో దిగితే తిరిగి బయటకు రాదు, ఏళ్ల తరువాత ఊపిరి ఆడని సిలికోసిస్‌గా బయటపడుతుంది, దానికి మందు లేదు. తలకు చుట్టిన తువ్వాలు ఆ దుమ్మును ఆపదు. గుంటల్లో పోస్తే ఉబ్బి రాయిని చీల్చే సున్నపు పొడి కూడా దొరుకుతుంది. చప్పుడు లేకుండా ఒక రోజులో పని అవుతుంది; కాకపోతే వేడికి ఆ పొడి గుంటలోంచి పైకి చిమ్మి కళ్లు పోగొట్టిన సందర్భాలు ఉన్నాయి కనుక, పోశాక ఎవరూ పైనుంచి తొంగి చూడకూడదు.

ప్రశ్న: మా ఊరి బావిలో పూడిక తీయించాలనుకుంటున్నాం. లాంతరు దించి చూసి, అది ఆరకపోతే మనిషిని దించవచ్చని పెద్దలు అంటారు. సరిపోతుందా? (ఘట్‌కేసర్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: సరిపోదు. గాలిలో మామూలుగా 21 శాతం ఉండే ఆక్సిజన్ సుమారు 16 శాతానికి పడిపోతే దీపం ఆరుతుంది. అంటే దీపం ఆరిన చోటికి దిగకూడదన్నంతవరకు పెద్దల మాట నూటికి నూరు పాళ్లు నిజం. ఆరని చోట మాత్రం ప్రాణానికి హామీ లేదు, ఎందుకంటే కుళ్లిన ఆకూ బురదా కదిపినప్పుడు లేచే హైడ్రోజన్ సల్ఫైడు దీపాన్ని ఆర్పకుండానే మనిషిని ఆర్పేస్తుంది. అది కొద్దిగా ఉంటే కుళ్లిన గుడ్ల వాసన వేస్తుంది, ఎక్కువైతే ముక్కునే మొద్దుబారుస్తుంది. వాసన పోయిందని లోపలివాడు ధైర్యపడే సమయానికి గండం ముంచుకొస్తుంది. మండే వాయువు ఉన్న బావిలో లాంతరే నిప్పవుతుంది. డీజిలు మోటారును బావి లోపలి అంచు మీద పెట్టి నడిపితే దాని పొగ కూడా చంపుతుంది.

వాయువులను కొలిచే చిన్న యంత్రం అద్దెకు తెచ్చి, దాన్ని తాడుకు కట్టి అడుగుదాకా దించండి. గాలి కొట్టే బ్లోయరును మనిషి దిగే ముందు అరగంట నుంచీ, పని సాగినంతసేపూ నడపండి. అన్నిటికన్నా ముఖ్యంగా, దిగేవారికి భుజాల పట్టీలు కట్టి, ఆ తాడు పైన కప్పీ మీదుగా ఇద్దరి చేతిలో ఉండాలి, అవసరమైతే ఎవరూ దిగకుండానే ఆయనను పైకి లాగగలగాలి. బావి ప్రమాదాల్లో ఒకరి వెనక ఒకరు పోవడానికి కారణం ఈ తాడు లేకపోవడమే. కింద కూలబడినవాడు తమ్ముడైతే అన్న ఆగలేడు, అన్న కూలితే కొడుకు ఆగలేడు. ఆ క్షణంలో ప్రేమకు ఆలోచన ఉండదు కాబట్టి తాడు ముందే కట్టి ఉండాలి. తాడు లేకుండా ఎవరైనా పడిపోతే, పైనుంచి గాలి కొడుతూ 101కు ఫోన్ చేయండి. మిగిలినవారిని చేతులు పట్టి ఆపండి.

ప్రశ్న: కూరగాయల తోటలో పనిచేస్తుండగా ఉరుములు మొదలైతే అందరం చింతచెట్టు కిందికి పోతాం. 'అర్జునా ఫల్గుణా' అనుకోవడం తప్ప ఏం చేయాలి? (మొయినాబాద్ నుంచి ఒక మహిళా రైతు)

జవాబు: చింతచెట్టుకు మన నగరంలో గొప్ప పేరుంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు, ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని ఒక్క చింతచెట్టు తన కొమ్మల మీదికి ఎక్కిన నూట యాభై మందిని నిలబెట్టిందని చెబుతారు. వరదలో ప్రాణాలు నిలిపిన ఆ చెట్టే పిడుగుకు దారి చూపుతుంది; మానులో దిగిన పిడుగు పక్కనున్న మనిషి మీదికి దూకుతుంది. మెరుపు కనిపించాక లెక్క మొదలుపెట్టండి, మూడు సెకన్లకు ఒక కిలోమీటరు. ముప్పై లెక్కపెట్టేలోగా ఉరుము వినిపిస్తే పని వదిలి పక్కా గోడలు, కప్పు ఉన్న గదిలోకో, తలుపులు మూసిన వాహనంలోకో చేరండి. చివరి ఉరుము తరువాత అరగంట దాకా బయటకు రాకండి. తోటలో నాలుగు దిక్కులా పని ఉంటే, పుణె వాతావరణ సంస్థ వారి పిడుగుల గురించి హెచ్చరించే 'దామిని' యాప్ ఒకరి ఫోనులో పెట్టుకొని చూస్తూ ఉండండి. పిడుగు పడిన మనిషిని ముట్టుకుంటే కరెంటు కొట్టదు. ఊపిరి ఆగి ఉంటే వెంటనే ఛాతీ మీద నొక్కడం మొదలుపెట్టాలి, అలా బతికి బయటపడినవారు ఉన్నారు.

ప్రశ్న: నేను కోకాపేటలో ఒక కట్టడం దగ్గర సూపర్‌వైజరును. మే నెలలో కొత్తగా వచ్చిన కుర్రవాళ్లే ఎక్కువగా కళ్లు తిరిగి పడిపోతున్నారు. వయసులో ఉన్నవారికి ఇలా ఎందుకవుతుంది? (పేరు వద్దన్న పాఠకుడు)

జవాబు: వయసుకూ ఎండకు అలవాటు పడడానికీ సంబంధం లేదు. ఒంటికి ఎండ అలవాటు కావడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. ఆ రోజుల్లో చెమట త్వరగా పట్టడం, ఉప్పు తక్కువగా పోవడం, గుండె కుదురుగా కొట్టుకోవడం శరీరం నేర్చుకుంటుంది. రైలు దిగిన మర్నాడే పూర్తి పని చెప్పడం అందుకే ప్రమాదం. కొత్తవారికి మొదటి రోజు పనిలో అయిదో వంతే చెప్పి, రోజుకు మరో అయిదో వంతు పెంచుకుంటూ పొండి. ఈ పద్ధతికి మీ యజమాని ఒప్పుకోకపోతే ఈ జవాబు కత్తిరించి ఆయన బల్ల మీద పెట్టండి.

దాహం వేసేదాకా ఆగకుండా పావుగంటకో ఇరవై నిమిషాలకో ఒక గ్లాసు నీళ్లు, మధ్యమధ్య ఉప్పు వేసిన మజ్జిగో రాగి అంబలో ఇవ్వాలి. నీళ్ల డ్రమ్ము పైఅంతస్తులోనే ఉండాలి, కిందికి దిగి తాగమంటే ఎవరూ దిగరు. మనిషి తికమకగా మాట్లాడినా, నడక తూలినా, ఒళ్లు కాలిపోతున్నా అది వడదెబ్బ. చెమట పడుతోంది కాబట్టి ఫర్వాలేదనుకోవద్దు, బరువు పనిలో వడదెబ్బ చెమటతోనే వస్తుంది. 108 వచ్చేలోగా నీడకు చేర్చి, బట్టలు వదులుచేసి, ఒళ్లంతా చల్లని నీళ్లు కుమ్మరిస్తూ విసరండి. ముందు చల్లబరచడం, తరువాతే తరలించడం. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్లు పోయకండి. రాష్ట్ర ప్రభుత్వం 2025లో వడదెబ్బను ప్రత్యేక విపత్తుగా ప్రకటించి, మరణించినవారి కుటుంబానికి 4 లక్షల రూపాయల సాయం నిర్ణయించింది. అది వారి హక్కు, కూలీలకు ఈ సంగతి తెలియజేయండి.

ప్రశ్న: పంతొమ్మిదేళ్ల మా అబ్బాయి భువనగిరి గుట్ట మీద రాయి ఎక్కడం నేర్చుకుంటానంటున్నాడు. వద్దంటే మొండికేస్తున్నాడు. పంపించనా? (తార్నాక నుంచి ఒక తల్లి)

జవాబు: పంపించండమ్మా, కానీ ముందు మీరు ఒకసారి వెళ్లి చూసి రండి. అది మా వైపు గుట్ట, ఒకే ఒక్క రాయి. 2014 మే 25న పదమూడేళ్ల వయసులో ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ తొలి పాఠాలు నేర్చుకున్నది ఆ రాతి మీదే. రాతి ఎక్కుడులో ఎక్కేవారి ప్రాణం కింద తాడు పట్టినవారి చేతిలో ఉంటుంది. నేర్పేవారు మంచివారో కాదో రాయి మీద మీకు తెలియకపోవచ్చు, రాతి కింద తెలిసిపోతుంది. అక్కడ నిలబడి ఈ ఒక్కటీ గమనించండి: ఎక్కబోయే ప్రతివాడి నడుము ముడిని తాడు పట్టేవాడు చేత్తో లాగి చూడాలి, తాడు పట్టేవాడి కొక్కేన్ని ఎక్కేవాడు తట్టి చూడాలి, వందోసారి ఎక్కుతున్నవాడైనా సరే. చూసీ చూడనట్టు వదిలేసే చోటైతే అబ్బాయిని తీసుకొని ఇంటికి వచ్చేయండి. చలికాలం ఉదయాలు ఎంచుకోండి, ఎండాకాలంలో ఆ రాయి చేతులు కాలుస్తుంది, చరియల కింద తేనెపట్లు కూడా ఉండవచ్చు.

నేను కిందటి సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు అటు వెళ్లాను. ఎనిమిదో తరగతి చదివే అమ్మాయి ఒకతె తన శిక్షకుడి ముడిని పట్టి లాగి, 'సార్, కొంచెం వదులుగా ఉంది' అంది. ఆయన ఏమీ అనకుండా ముడి విప్పి మళ్లీ కట్టుకున్నారు.